మొదటి డొప్ప

ఏప్రిల్ 27, ఆదివారం

నీళ్లు. అచ్చంగా నీళ్లు.

నిన్న వడగట్టిన కుండ మీద గుడ్డ తీసి పొద్దున్నే వేలు ముంచాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జిగురు సాగాలి. సాగలేదు. చేయి కడుక్కున్నట్టుంది. మళ్లీ ముంచాను, మళ్లీ అంతే. అత్త వచ్చి తనూ వేలు పెట్టి చూసింది. ఆ వేలు కొంగుకు తుడుచుకుని, నా ముఖం చూడకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఎక్కడ తప్పానో దొరుకుతుందేమోనని వరసగా రాసి చూసుకుంటున్నాను. జొన్నలు నానబెట్టాను. మొలకలు వచ్చాక ఎండబెట్టాను. దుమ్ముగూడెం గిర్నిలో నూక పట్టించాను. వేడినీళ్లలో కలిపి రాత్రంతా గోనె కప్పి ఉంచాను. పొద్దుటికి తీపి దిగాలి. ఆ తీపినీళ్లు వెదురుబుట్టలో వడగట్టి పాత లంద అడుగున మిగిలిన మడ్డి కలిపితే పొంగి లంద, మా జొన్నకల్లు అవుతుంది. అన్నీ చేశాను. తీపి ఎటు పోయింది?

ఈ ఏడు విత్తనాల పండుగకు లంద కాచే వంతు మా ఇంటిది. మామ పోయాక వచ్చిన మొదటి వంతు. పెద్ద కుండ పెట్టే ముందు చిన్న కుండలో కాచి చూసుకుంటాం కాబట్టి ఇప్పుడే తెలిసింది, లేకపోతే ఊరి ముందు తల ఎక్కడ పెట్టుకునేదాన్ని. మొదటి డొప్ప తీపినీళ్లు పోయినవాళ్లకు పోస్తాం, తర్వాత లంద, ఆ తర్వాతే మనుషులు. జొన్న నానినప్పటి నుంచి ఆ డొప్ప పోసేదాకా ఇంట్లో ఎవరూ చుక్క నోట్లో పెట్టకూడదు. రుచి చూసి తప్పు పట్టుకుందామన్నా వీల్లేదు. మాకు వేలే నాలుక.

గిర్ని నూకకు తీపి రాదని సాయంత్రం అత్త కోయలో గొణిగింది. తనది విసుర్రాయి కాలం. ఇప్పుడు తనకు భుజం లేవదు. ఇల్లిల్లూ తిరిగి వచ్చే నాలాంటి ఆశా కార్యకర్తకు రాయి తిప్పే ఓపిక ఎక్కడిది?

బావ మాత్రం అన్నం సగం వదిలి లేచాడు. కుండ పోయిందని నేను చస్తుంటే మొగుడికి కూర నచ్చలేదు.

ఏప్రిల్ 29

గిర్నిలో కోటేష్‌తో గొడవ పెట్టుకున్నాను. నీ రాయి అరిగింది, మా పండుగ పాడు చేస్తున్నావని నలుగురి ముందు అనేశాను. అతను మోటారు ఆపి, మూత విప్పి, నా చేత రాయి ముట్టించాడు. గరుకుగా ఉంది.

"రాయి మొన్ననే కొట్టించిన ఆశమ్మా. నువ్వు బరక అడిగినవ్, బరక పట్టిన. గింజ రెండు ముక్కలైతే లోపలి పిండి నీళ్లకు ఎట్ల దొరుకుతది?"

సంచిలో చెయ్యి పెట్టి చూస్తే సగం గింజలు నలగనే లేదు. నా ముఖం మాడింది. మెత్తగా పట్టమని చెప్పి వచ్చాను. సారీ చెప్పలేదు. అతనూ అడగలేదు.

రాత్రి ఎండుచేపల పులుసు చేశాను. బావ రెండు ముద్దలు తిని, గంజి ఉందా అన్నాడు. ఇంత కూర వండిపెడితే గంజి అడిగే మనిషిని ఏమనాలి? ఉంది, గొడ్ల తొట్టిలో ఉంది అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నీళ్లు గటగటా తాగి లేచాడు. ఆ గుటకల చప్పుడు ఒకటి, నాకు చిరాకు.

మామ ఉంటే కొడుకు తినకుండా ముద్ద ముట్టేవాడు కాదని అత్త మొదలుపెట్టింది. ఈ మాట మామ పోయినప్పటి నుంచి వినబడుతూనే ఉంది. తినని కొడుకును వదిలేసి నన్ను అంటుందేం?

మే 1

సున్నం. మెత్తగా పట్టించినందుకు గోడలకు పూసే సున్నమైంది. బుట్టలోంచి చుక్క దిగలేదు. తిరగేసి కొడితే ముద్దలు ముద్దలుగా పడింది. పందులు కూడా మూతి తిప్పుకున్నాయి.

మే 4, ఆదివారం

ఈసారి కోటేష్ పక్కనే నిలబడి పట్టించాను. పొట్టు పొట్టులాగే ఉండాలి, లోపలిది మాత్రం నలగాలి. ఆ పొట్టే బుట్టలో పరుచుకుని వడపోతకు పనికొస్తుంది. పిండైతే దారి మూసేస్తుంది, గింజైతే తీపి వదలదు. కోటేష్ మర తిప్పడం, నేను గుప్పిట్లో చూసి కాదనడం. వెనక వరసలో నిలబడ్డవాళ్లు నన్ను తిట్టుకునే ఉంటారు.

పొద్దున వడగట్టినప్పుడు దారంలా సాగింది. అత్తను పిలిచి చూపించాను. ఆమె కూడా ఊ అన్నది. ఆమె ఊ అనడం అంటే నాకు పట్టుచీర పెట్టినట్టే. మీటింగుకు పాడుకుంటూ పోయాను.

సాయంత్రం వచ్చి గుడ్డ తీస్తే నీళ్లు.

పొద్దున సాగినది సాయంత్రానికి ఎట్లా పలచబడుతుంది? ఎండకా? వడగట్టడానికి వాడిన అల్యూమినియం డేగిసా వల్లా? డేగిసా వల్లే అయి ఉంటుంది. లేదా పొద్దున నా వేలికి ముందే ఏదో జిగురు అంటుకుని ఉంటుంది. అత్త వేలికి కూడానా?

బావ గుమ్మంలో కూర్చుని బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పెట్టుకుంటున్నాడు. కుండ మళ్లీ పోయిందని చెప్తే తల ఎత్తలేదు. గొంతు బొంగురుగా, "పోనీ వనజా" అన్నాడు. పోనీ అట. దుమ్ములో ట్రాలీ ఆటో తోలితే గొంతు పట్టుకోదా, ఎండలకు మనిషి చిక్కడా. నేనే, ఏ ఎండకూ చిక్కను.

మే 7

మట్టికుండ మార్చాను. బుట్ట మార్చాను. గోనె బదులు పాత దుప్పటి కప్పాను. పొద్దున జిగురు. సాయంత్రం నీళ్లు.

మే 8

ఇంటింటి సర్వే. నోట్లో పుండు ఉందా, మింగితే అడ్డం పడుతోందా, ఊరికే బరువు తగ్గారా. అడిగీ అడిగీ నా గొంతే పోయింది. ఒక ముసలాయన అన్నిటికీ లేదు లేదు అని, చివరకు లంద ఎట్ల వస్తోంది అని అడిగాడు. ఊరంతా తెలిసిపోయింది.

తిరిగి వస్తూ పాలకేంద్రంలో పుష్ప దగ్గర కూర్చున్నాను. ఎవరో నీళ్లు కలిపిన పాలు తెచ్చారు. పుష్ప అందులో పాలమీటరు వేసింది. సన్నటి గాజుగొట్టం, అడుగున బరువు. బుడుంగున మునిగింది. చిక్కటి పాలైతే పైకి తేలుతుందట. తీపినీళ్లలో వేసినా చెబుతుందా అని అడిగాను.

"నీళ్లల్ల ఏది కలిసి చిక్కగైనా తేలుతది వనజక్కా. అది పాలా, జొన్ననా దానికేం ఎరుక?"

పాతది ఒకటి ఇచ్చింది. పగలగొట్టకు అంది. నోరు పెట్టకూడదు గానీ గాజుగొట్టం పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు కదా. అత్తను అడగలేదు, అడిగితే కాదంటుంది.

మే 10

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున వడగట్టగానే మీటరు వేశాను. పైకి తేలింది. ఎంతవరకు తేలిందో అక్కడ గోళ్లరంగుతో గీత పెట్టాను. అత్త తునికాకు కల్లానికి పోయింది, బావ ఆటో తీసుకుని పోయాడు, నేను డ్యూటీకి పోయాను. సాయంత్రం అందరికంటే ముందు వచ్చి వేశాను. గీత మునిగి, ఇంకా కిందికి పోయింది. కుండ మాత్రం పొద్దున ఎంతవరకు ఉందో అంతే నిండుగా ఉంది.

తీపి ఆవిరైపోదు. ఆవిరైతే నీళ్లే పోవాలి, మిగిలింది ఇంకా చిక్కబడాలి. ఇది పలచబడింది. అంటే తీసుకున్నారు. తీసుకుని, తెలియకుండా అంతే నీళ్లు పోశారు.

నూక తప్పు కాదు. రాయి తప్పు కాదు, డేగిసా తప్పు కాదు, బుట్ట తప్పు కాదు. అన్నిటినీ తిట్టాను. మనిషి ఉంటాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎట్లా అనుకుంటాను? పోయినవాళ్ల వంతులో నోరు పెట్టేవాళ్లు ఈ ఊళ్లో ఉంటారా? పసిపిల్లలకు కూడా తెలుసు.

అత్తకు చెప్పలేదు. చెప్తే గుండె ఆగుతుంది.

మే 11, ఆదివారం

చీమలు.

బావ స్నానానికి పోయినప్పుడు ఆటోలో నా టార్చిలైటు వెతుకుతున్నాను. సీటు కింద నీళ్లబాటిల్ చుట్టూ చీమలు బారు కట్టాయి. మూత తీశాను. వాసన చూడాల్సిన పని లేదు. వేలు పెట్టాను. సాగింది.

ఆటో పట్టుకుని నిలబడ్డాను.

మామ శవం మీద చెయ్యి వేసి తాగుడు మానేసిన మనిషి. మానేశాడు కూడా, నాకు తెలుసు, నా ముక్కుకు తెలియకుండా పోదు. ఇప్పుడు ఆ మామకే పోయాల్సిన దాన్ని ఎత్తుకుపోయాడు. పొంగని తీపినీళ్లకు మత్తు ఉండదు. మరెందుకు? ఎక్కడో దాచి పొంగబెట్టి స్నేహితులతో తాగుతూ ఉండాలి. అంతే. అంతకంటే ఏం ఉంటుంది? అందుకే ఇంట్లో తినడం లేదు. బయట తిని తాగి వస్తుంటే ఇంటి కూర ఎందుకు దిగుతుంది?

దొంగ. నా ఇంట్లో, నా పక్కన పడుకునే దొంగ.

మే 12

అన్నం పెట్టాను. ముట్టలేదు. తినమని అనలేదు.

మే 14

ఇవాళ మధ్యాహ్నం కావాలనే ఇంటికి వచ్చాను. ఆటో చింతచెట్టు వెనక ఆపి ఉంది. ఏం అనాలో దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను. ఎన్ని మాటలో.

కొట్టంలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో గిన్నె. నన్ను చూడలేదు. ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మింగలేదు. కళ్లు మూసుకుని, మెడ పైకి చాచి, అట్లాగే ఉన్నాడు. మెడ నరాలు తాళ్లలాగా లేచాయి. తర్వాత గుటక పడింది. ఆ చప్పుడు. నాకు చిరాకు అని రాశానే, ఆ చప్పుడు. రెండో గుక్క సగం ముక్కులోంచి వచ్చేసింది. తుడుచుకున్నాడు. మళ్లీ పోసుకున్నాడు.

తాగుబోతులు అట్లా తాగరు.

గిన్నె పక్కన పొద్దున నేను కట్టిచ్చిన అన్నం టిఫిన్ ఉంది. కుక్క ముందు సగం ఉంది, డబ్బాలో సగం ఉంది.

నన్ను చూసి లేవబోయాడు. లేవలేకపోయాడు. అతని భుజం ఎముక చొక్కాలోంచి కనబడుతోంది. అదెప్పుడు కనబడింది? రోజూ చూస్తున్న మనిషే.

"మత్తు కోసం కాదు వనజా," అన్నాడు. "ఇదొక్కటే దిగుతాంది. అన్నం ఆడనే నిలబడుతది. గంజి కూడ నిన్నటిసంది ఆగుతాంది."

ఎన్నాళ్ల నుంచి అంటే, చలి పోయినప్పటి నుంచి అన్నాడు. నాకెందుకు చెప్పలేదంటే తల వంచుకున్నాడు. మొదట పుండనుకున్నాడట. ఒకరోజు ఆకలికి ఆగలేక కుండలో చెయ్యి పెట్టాడట. అది జారింది. కడుపు నిండింది. ఇక ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదట, పెద్దల వంతు తిన్నానని. జబ్బు చెబితే తిన్నది కూడా చెప్పాలి కదా. అమ్మకు తెలిస్తే చస్తుందని రోజూ బిందెతో నీళ్లు తెచ్చి అంతవరకూ నింపేవాడట.

నేను అతని ముందు కూర్చున్నాను. ఏడవలేదు. నాకు ఏడుపు రాలేదు. గిన్నెలో మిగిలింది అతని చేతికి ఇచ్చాను. తాగు అన్నాను.

మే 15

భద్రాచలం దవాఖానా. గొంతులో టార్చి వేసి చూశారు. ఖమ్మం పొమ్మన్నారు.

మే 19

గొట్టం వేసి చూశారు. అన్నం పోయే దారిలో గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఏమని వస్తుందో డాక్టరు చెప్పకముందే ఆయన ముఖంలో తెలిసింది. ఇలాంటి ముఖాల ముందు నేను ఎంతమందిని కూర్చోబెట్టానో.

ఎన్నాళ్ల నుంచి మింగలేకపోతున్నాడమ్మా అని నన్ను అడిగాడు. ఆశా కార్యకర్తనని ముందే చెప్పుకున్నాను, ఎందుకు చెప్పుకున్నానో. నాకు తెలియదు సార్ అన్నాను.

మింగితే అడ్డం పడుతోందా అని ఊరంతా అడిగాను. ముసలాళ్లను అడిగాను, చుట్టాలను అడిగాను, నాతో మాట్లాడనివాళ్లను కూడా గుమ్మంలో నిలబడి అడిగాను. నా ఇంట్లో గంజి అడిగితే గొడ్ల తొట్టి చూపించాను.

పరీక్షలో అదే వస్తే గడ్డకు కరెంటు (రేడియేషన్) పెట్టాలి, మందులు ఎక్కించాలి, పనిచేసే అవకాశం ఉందన్నాడు. కానీ ఇప్పుడే మొదలుపెట్టరు. బరువు ఇంకా తగ్గితే ఒళ్లు తట్టుకోదు. వచ్చే సోమవారం మళ్లీ తూకం వేస్తారు. బరువు నిలబడితే మొదలు, లేకపోతే ముక్కులోంచి గొట్టం వేసి ముందు బరువు సంగతి చూడాలి. ఏది దిగితే అది పట్టండి అన్నాడు. పొంగని జొన్న తీపినీళ్లు పట్టవచ్చా అని అడిగాను. అదేంటని అడిగి, అంతా విని, మంచిదే, పాలు కలపండి, గుడ్డు గిలకొట్టి కలపండి అన్నాడు.

బస్సులో బావ నా భుజం మీద నిద్రపోయాడు. బరువే లేదు.

మే 21

మిగిలిన మొలకలన్నీ నిన్న కోటేష్ దగ్గరికి తీసుకుపోయాను. పొట్టు నిలవాలి, లోపల పూర్తిగా నలగాలి, ఒక్క గింజ తీపి కూడా పోకూడదన్నాను. ఎందుకో చెప్పాను. ఆ రోజు అన్న మాటలకు సారీ కూడా చెప్పాను. అతను ముందున్నవాళ్ల సంచులు పక్కన పెట్టి, మర విప్పి రాయి తుడిచి, కొంచెం కొంచెంగా పట్టాడు. ప్రతి గుప్పెడూ నాకు చూపించాడు.

ఇవాళ పొద్దున వడగడితే మీటరు గీత దాటి తేలింది. నాకు సంతోషం వేసింది, వెంటనే సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఇదే పని పండుగ కోసమని, పేరు కోసమని చేశాను.

మే 22

అత్తకు చెప్పక తప్పలేదు. పండుగ ఆదివారం. ఈ తీపి ఎవరికి పోవాలో ఆమె చెప్పాలి. ఉన్న నూకకు రెండూ రావు, బావకు పూటపూటకూ కావాలి, పెద్ద కుండకూ కావాలి.

అంతా చెప్పాను. గడ్డ సంగతి, కుండ సంగతి, నీళ్ల సంగతి. బావ గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆమె కొడుకు మీద అరుస్తుందని, పెద్దల వంతు ముట్టినందుకే ఇది పట్టిందని అంటుందని భయపడ్డాను. అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆమె తునికాకు కట్టలు కట్టే తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

మే 23

పొద్దున చప్పుడుకు మెలకువ వచ్చింది. విసుర్రాయి. లేవని భుజాన్ని కొంగుతో కట్టుకుని రెండో చేత్తో తిప్పుతోంది. పక్కన విత్తనానికి దాచిన జొన్నలు, ఎప్పుడు నానబెట్టిందో ఏమో, మొలకలెత్తి ఎండి ఉన్నాయి. నేను పిడి పట్టుకోబోతే పట్టనివ్వలేదు. మేం ఖమ్మంలో ఉన్నప్పుడే నానబెట్టానని తనే చెప్పింది. అంటే నేను చెప్పక ముందే ఆమెకు తెలుసు. కొడుకు తినడం లేదని ఆమె చెబుతూనే ఉంది. నేను సాధింపు అనుకున్నాను.

మే 25, ఆదివారం

ఊరి బయట విప్పచెట్ల కింద రాళ్లకు పసుపు పూశారు. పెద్ద కుండ పలచగానే ఉంది. దాని పక్కన ఆనపబుర్రలో తీపినీళ్లు, అత్త విసిరిన నూకవి. పూజారి పోతయ్య మామ పిలవగానే అత్త బుర్ర వంచి ఆకు డొప్ప నింపింది. పోతయ్య మామ చెయ్యి చాపి నిలబడ్డాడు.

అత్త డొప్ప ఆయన చేతిలో పెట్టలేదు. వెనక్కి తిరిగింది. అందరి వెనక, ఆటో పక్కన కూర్చున్న బావ దగ్గరికి నడిచింది. ఆడవాళ్ల గుసగుసలు ఆగిపోయాయి. డోలు వాయించేవాళ్లు చేతులు ఆపేశారు. ఇంతవరకు ఎవరూ చేయని పని ఆమె చేస్తోందని అందరికీ తెలుసు, ఆమెకే అందరికంటే బాగా తెలుసు.

బావ తల అడ్డంగా ఊపాడు. "పెద్దలదే అమ్మా. వద్దు."

అత్త కోయలోనే అన్నది, ఊరికి వినబడేటట్టు అన్నది. తెలుగులో రాస్తే ఇంతే.

"మీ నాయన నీకంటే ముందు ఎన్నడన్న తిన్నడా? ఇయాల తింటడా?"

బావ డొప్ప అందుకున్నాడు. కొంచెం ఒలికింది. ఒక గుక్క తీసుకుని కళ్లు మూసుకుని మెడ చాచాడు. ఊరంతా నిలబడి చూసింది. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఎవరూ కదలలేదు, ఎవరూ తొందర పెట్టలేదు. పోతయ్య మామ చాపిన చెయ్యి దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుటక పడింది. అందరూ విన్నారు. రెండో గుక్క. మూడోది కొంచెం ముక్కులోంచి వస్తే అత్త కొంగుతో తుడిచింది. డొప్ప ఖాళీ అయ్యాకే ఆమె రెండో డొప్ప నింపి పోతయ్య మామకు ఇచ్చింది. ఆయన ఏమీ అడగకుండా రాళ్ల మీద పోశాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఇన్ని రోజులది ఒక్కసారే వచ్చింది.

రేపు పొద్దున ఖమ్మం. తూకం. ఏమవుతుందో నాకు తెలియదు, భయంగా ఉంది.

దారికి బాటిళ్లు నింపడానికి సాయంత్రం ఇంట్లో కుండ గుడ్డ తీశాను. అలవాటుగా మీటరు వేశాను. పొద్దున ఎక్కడ తేలిందో అక్కడే తేలింది. కుండ మాత్రం సగమే ఉంది. ఎవరూ నీళ్లు పోయలేదు.